స్థానం కుదురుకోని కుర్రాడు కోచ్ కాగలడా?

ప్రశ్న: మేము నెదర్లాండ్స్‌లోని ఐంధోవెన్‌లో ఉంటున్నాం. పదహారేళ్ల మా అబ్బాయిని ఫుట్‌బాల్ క్లబ్బులో ఒక వారం మిడ్‌ఫీల్డ్‌లో, మరో వారం లెఫ్ట్ బ్యాక్‌గా (ఎడమవైపు రక్షణలో) ఆడిస్తున్నారు. ఎక్కడా కుదురుకోకుండా వెనకబడతాడేమోనని మా దిగులు. వాడేమో పెద్దయ్యాక కోచ్ అవుతానంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మీరు లోపమనుకుంటున్న ఆ మార్పులే కోచ్ కావాలనుకునే కుర్రాడికి అసలైన పాఠాలు. ఉదాహరణకు మీ ఊళ్లోనే పుట్టిన ఫుట్‌బాల్ ఆటగాడు ఫిలిప్ కోకును తీసుకోండి. నెదర్లాండ్స్ తరఫున 101 మ్యాచ్‌లు ఆడాడు, బార్సిలోనాలో ఆరేళ్లున్నాడు. 1998 ప్రపంచకప్ గ్రూపు దశలో దక్షిణ కొరియా, మెక్సికోలపై గోల్స్ కొట్టిన ఈ మిడ్‌ఫీల్డరే, క్వార్టర్ ఫైనల్లో రెడ్ కార్డు అందుకున్న సహచరుడు నుమాన్ స్థానంలో, సెమీఫైనల్లో బ్రెజిల్‌పై లెఫ్ట్ బ్యాక్‌గా దిగాడు. షూటౌట్‌లో అతని పెనాల్టీని బ్రెజిల్ గోల్‌కీపర్ తఫరెల్ ఆపేయడం వేరే సంగతి. 2007 డచ్ లీగ్ చివరి రోజున వితెస్ క్లబ్బుపై మీ ఊరి క్లబ్బు పీఎస్‌వీ 5-1తో గెలిచినప్పుడు ఐదో గోల్ అతనిదే. పాయింట్లు సమానమైన అయాక్స్ క్లబ్బును దాటి టైటిల్ దక్కింది, సీజన్ మొత్తం గోల్స్ లెక్కలో సరిగ్గా ఒక్క గోల్ తేడాతోనే.

అంతటి ఆటగాడికీ కోచ్ కుర్చీ వెంటనే దక్కలేదు. 2008లో ఆట మానేశాక జాతీయ జట్టులో కోచ్ వాన్ మార్వైక్‌కు సహాయకుడిగా పనిచేశాడు. 2012లో తాత్కాలిక కోచ్‌గా పీఎస్‌వీకి డచ్ కప్ గెలిపించినా, తరువాతి సీజన్ పగ్గాలు మరో కోచ్ అడ్వొకాట్‌కు వెళ్లాయి. 2013లో పూర్తి బాధ్యత దక్కింది. తొలి సీజన్‌లో నాలుగో స్థానం, ఆపైన 2015, 2016, 2018 టైటిళ్లు. ఆ వెంటనే టర్కీ క్లబ్బు ఫెనర్‌బాచెకు వెళితే కొన్ని నెలలకే ఉద్వాసన పలికారు. ఈ వృత్తిలో నిలకడ ఎంతో మీరే ఊహించుకోండి. అందుకే చదువును వదలనివ్వవద్దు. మీ ఊళ్లోని ఫాంటిస్ ఉన్నత విద్యాసంస్థలో క్రీడలకు సంబంధించిన డిగ్రీలున్నాయి, వాటిని చూడండి. కోచింగ్ లైసెన్సులు డచ్ ఫుట్‌బాల్ సంఘం ద్వారా మెట్టు మెట్టుగా సంపాదించాలి. పై మెట్టు యూరప్ ఫుట్‌బాల్ సంఘం వారి యూఫా ప్రో లైసెన్సు.

ప్రతి మ్యాచ్ తరువాత వాడు ఆ రోజు ఆడిన స్థానం నుంచి మైదానం ఎలా కనిపించిందో, ఎదుటి జట్టు ఎక్కడ ఖాళీ వదిలిందో ఒక కాగితంపై గీయమనండి. ఆ కాగితాలు పది పోగయ్యాక, క్లబ్బులో చిన్నపిల్లల జట్టుకు సహాయకుడిగా ఉంటానని వాడినే వెళ్లి అడగమనండి. ఆ సమయంలో మీరు పక్కన లేకపోతేనే మేలు.