ప్రయాణాల ఉద్యోగంలో చేరుతున్న మేనకోడలికి

చిట్టితల్లీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. నీకు కొత్త పదవి వచ్చిందట, ఇక నెలలో సగం రోజులు విమానాల్లోనేనట. "దానికేం భయం అక్కా, అచ్చం నీలాగే తిరుగుతుంది" అన్నాడు. ఆ మాటకి మురిసిపోయాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. నాలాగే అంటే ఎలాగో వాడికేం తెలుసు? నేను పెట్టె పట్టుకుని వెళ్ళడం చూశాడు, పెట్టె పట్టుకుని రావడం చూశాడు. మధ్యలో ఏం జరిగేదో వాడికి ఎప్పుడు చెప్పాను గనక!

అందుకే ఈ ఉత్తరం. ఫోన్లో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అంటావు. నీ 'సరే'ల సంగతి నాకు తెలుసు.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. పాస్‌పోర్టుకి ఇంకా 6 నెలల గడువు ఉందో లేదో ఇవాళే చూసుకో. అంతకన్నా తక్కువుంటే చాలా దేశాలు రానివ్వవు. మందులు, ఛార్జర్, మర్నాటి మీటింగుకి వేసుకునే బట్టలు ఎప్పుడూ చేతిసంచిలోనే ఉండాలి. పవర్ బ్యాంక్ కూడా అందులోనే, చెక్-ఇన్ పెట్టెలో పెట్టనివ్వరు. దానిలో పట్టే విద్యుత్తు 100 వాట్ అవర్లు దాటితే విమాన సంస్థని ముందే అడగాలి. పెట్టె రాకపోతే విమానాశ్రయంలోంచి బయటికి అడుగు పెట్టకముందే ఫిర్యాదు రాయించి, కాగితం చేతికి తీసుకో. విదేశీ ప్రయాణాల్లో మాంట్రియల్ ఒప్పందం (విమాన ప్రయాణికులకి జరిగే నష్టాల గురించి దేశాలు చేసుకున్నది) వర్తించే చోట పెట్టె దెబ్బతింటే 7 రోజుల్లో, ఆలస్యంగా చేతికొస్తే వచ్చిన రోజు నుంచి 21 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. విమానం మారాల్సి వస్తే రెండూ ఒకే టికెట్ మీద ఉండేలా చూడు. విడివిడిగా కొంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోయినా ఆ బాధ నీదే. బోర్డింగ్ పాస్ ఫొటో తీసి నలుగురికీ చూపించే సరదా ఉంటే మానుకో. ఆ బార్‌కోడ్‌లో నీ పేరూ, బుకింగ్ నంబరూ ఉంటాయి.

ఇవన్నీ ఎవరైనా చెబుతారు. ఇక నేను మాత్రమే చెప్పగలిగేది చెబుతాను, ఓపిగ్గా చదువు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా శాఖలో ఒక పెద్దాయన ఉండేవారు. ఆయనంత పద్ధతైన మనిషిని మళ్ళీ చూడలేదు. బల్ల మీద కాగితం వంకరగా ఉంటే మాట్లాడుతూ మాట్లాడుతూనే సరిచేసేవారు. ఏ ప్రయాణమైనా డైరీలో ఒక పేజీ: విమానం, హోటలు, ఎవర్ని కలవాలి, ఏం అడగాలి, అన్నీ గుండ్రటి దస్తూరీలో. విమానాశ్రయానికి అందరికన్నా ముందు చేరేది ఆయనే. కొత్తగా చేరినవాళ్ళకి ఆయన డైరీ చూపించి "ఇలా ఉండాలి" అనేవారు మా పైవాళ్ళు.

ఒకసారి ఒక పెద్ద ఒప్పందం మీద సంతకాలు కావాలి. 16వ తేదీ ఉదయం మీటింగు. ఆయన ఒక ఊరి నుంచి, నేను ఇంకో ఊర్లో పని ముగించుకుని అక్కడి నుంచి, ఇద్దరం మీటింగు జరిగే ఊళ్ళో కలుసుకోవాలి. అసలు కాగితాలన్నీ ఆయన దగ్గరే ఉన్నాయి. నేను 15 సాయంత్రానికి హోటల్ చేరి, ఆయన వచ్చారా అని అడిగాను. ఉదయమే రావాల్సిన మనిషి, ఇంకా రాలేదన్నారు. విమానం ఆలస్యమై ఉంటుందనుకున్నాను. రాత్రి పది దాటింది. చేతిలో ఫోన్లు లేని రోజులవి. రిసెప్షన్ దగ్గరే కుర్చీలో కూర్చున్నాను. పదకొండింటికి ఫోన్ మోగింది. ఆయనే. ఇంకా తన ఊరి విమానాశ్రయంలోనే ఉన్నారు.

టికెట్ మీద ఉన్నది 15వ తేదీ, 00:20. అంటే 14 రాత్రి బయలుదేరాలి. ఆయన డైరీలో 15వ తేదీ పేజీలో "రాత్రి 12:20 విమానం" అని రాసుకున్నారు. 15 రాత్రి, అలవాటు ప్రకారం అందరికన్నా ముందే, సంచిలో కాగితాలు సర్దుకుని కౌంటర్ దగ్గరికి వెళ్ళారు. "మీ విమానం నిన్న రాత్రే వెళ్ళిపోయిందండీ" అన్నారట. ఆ దారిలో విమానం రోజూ లేదు. పైగా వెళ్ళే విమానం ఎక్కలేదు కాబట్టి తిరుగు టికెట్ కూడా రద్దయిపోయింది. అది ఇప్పటికీ అంతే, గుర్తుంచుకో: ఒక టికెట్‌లో మొదటి ప్రయాణం మానేస్తే తర్వాతవి కూడా సాధారణంగా పోతాయి.

మర్నాడు ఉదయం ఆ మీటింగులో నేనొక్కదాన్నే కూర్చున్నాను, చేతిలో ఒక్క అసలు కాగితం లేకుండా. వాళ్ళు మర్యాదగానే మాట్లాడారు. అంత మర్యాదగా మాట్లాడినప్పుడే నాకు అర్థమైంది, ఈ పని మనకి రాదని. రాలేదు కూడా.

ఆఫీసులో కొందరు వయసు మీద పడింది అన్నారు, కొందరు నిర్లక్ష్యం అన్నారు. రెండూ కాదు. కొన్ని నెలల తర్వాత ఆయనే డైరీ తీసి నాకు చూపించారు. ఆ పేజీ రాసుకున్న రోజు ఆయన మరో ఊరి నుంచి రాత్రంతా ప్రయాణం చేసి, ఉదయం దిగి, ఇంటికి కూడా వెళ్ళకుండా నేరుగా ఆఫీసుకొచ్చారు. ఆ నిద్రలేని తలతో టికెట్ చూసి డైరీలోకి ఎక్కించారు. ఆ తర్వాత నాలుగైదు సార్లు సరిచూసుకున్నారు కూడా. ఏది? డైరీని. టికెట్ మళ్ళీ తీసి చూడలేదు. తన దస్తూరీ మీద అనుమానం ఎవరికి వస్తుంది చెప్పు?

అందుకే నీ గురించి భయం. పద్ధతి లేనివాడికి తన మీద తనకే నమ్మకం ఉండదు, దారి పొడుగునా టికెట్ తీసి చూస్తూనే ఉంటాడు. పద్ధతైనవాళ్ళు తాము రాసుకున్న పట్టికను చూస్తారు. నీ రంగురంగుల పట్టికలు నేను చూశాను కదే! పరీక్షల రోజుల్లో గోడ మీద అంటించుకునేదానివి. ముచ్చటేసేది. ఇప్పుడు తలచుకుంటే ఆ డైరీ గుర్తొస్తోంది.

కాబట్టి రెండు పనులు చెయ్యి. క్యాలెండర్‌లో విమానం సమయం ఒక్కటే కాదు, ఇంట్లోంచి కదలాల్సిన సమయం కూడా రాసుకో: "14, మంగళవారం, రాత్రి 9కి గుమ్మం దాటాలి" అని, వారంతో సహా. అర్ధరాత్రికీ తెల్లవారుజాముకీ మధ్య ఉన్న విమానాలకి ఇది తప్పనిసరి. రెండోది, బయలుదేరే ముందు రోజు పగటిపూట, నిద్ర సరిపోయిన తలతో, అసలు టికెట్ తెరిచి చూడు. పట్టిక కాదు, టికెట్. అంతే.

మీ నాన్న ఇంకో మాట కూడా చెప్పాడు. "రాత్రి విమానమెక్కి ఉదయం దిగి నేరుగా మీటింగుకి వెళ్తాను, ఒక రోజు మిగులుతుంది" అన్నావట. ఎవరికి మిగులుతుంది? నిద్ర లేకపోయినా నాకేం కాదు అని గొప్పలు పోకు. 17 గంటలు ఏకధాటిగా మేలుకున్న మనిషి చురుకుదనం రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని పరిశోధకులు కొలిచి చెప్పారు. తాగి మీటింగుకి వెళ్తావా? మరి ఇదేమిటి? ముఖ్యమైన మీటింగైతే ముందు రోజు సాయంత్రానికే అక్కడ ఉండు. పొద్దున్నే మొదటి విమానం మంచిదంటారు; నిజమే, ఆలస్యాలు రోజు గడిచేకొద్దీ పేరుకుంటాయి కాబట్టి మొదటిది వేళకి కదిలే అవకాశం ఎక్కువ. కానీ దానికోసం మూడింటికి లేవాలి. వట్టి సమీక్షకైతే వెళ్ళు, బేరాలాడాల్సిన రోజైతే వద్దు. ఇక రాత్రి విమానం దిగి నువ్వే కారు నడుపుకుంటూ ఇంటికి రావడం మాత్రం నేను ఒప్పుకోను. టాక్సీలో రా. కంపెనీ ఇవ్వకపోతే డబ్బులు నేనిస్తాను.

దూరదేశాలకి వెళ్తే తూర్పు వైపు ప్రయాణమే ఎక్కువ బాధపెడుతుంది. చాలామందిలో ఒంటి గడియారం 24 గంటలకన్నా కాస్త నిదానంగా నడుస్తుంది కాబట్టి రోజు పొడుగైతే ఓర్చుకుంటుంది, తూర్పుకి వెళ్ళినప్పుడు కురచైతే మొరాయిస్తుంది. సుమారు రోజుకో గంట చొప్పున సర్దుకుంటుంది. రెండు రోజుల పనికైతే సర్దుకోవాలని ప్రయత్నించకు, వీలైనంత వరకు ఇంటి వేళల్లోనే తిని పడుకో. నాలుగు గంటలు దాటిన ప్రయాణంలో మధ్య మధ్యలో లేచి నడు. కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం అలాంటి ప్రయాణాల్లో సుమారు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. అసలు ప్రమాదం చిన్నదేలే, భయపడకు. లేచి నడవమంటున్నాను, అంతే.

నీకు నాలుగైదేళ్ళప్పుడు నన్నడిగావు, "అత్తా, మీ ఆఫీసు విమానంలో ఉందా?" అని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ ప్రశ్న అబద్ధమేం కాదు. నేను విమానంలో చేసినంత పని ఆఫీసులో చేయలేదేమో. కాబట్టి అక్కడేం చేయాలో చెబుతాను, ఏం చేయకూడదో కూడా.

వెళ్ళేటప్పుడు మెయిళ్ళ జోలికి పోకు. వైఫై ఉందంటారు, ఉండదు. కావలసిన ఫైళ్ళు ముందే దించుకుని ఉంచుకో, చదువుకో. రహస్యమైనవి మాత్రం తెరవకు. ఒకసారి నా పక్క సీటాయన ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని వాళ్ళ కంపెనీలో అందరి జీతాల పట్టికా తెరిచాడు. కళ్ళు మూసుకుందామనుకున్నాను. మూసుకోలేదు.

అసలు పని తిరుగు ప్రయాణంలో. విమానం లేచాక, నిద్ర ముంచుకు రాకముందే, ప్రతి మీటింగుకీ మూడు వాక్యాలు రాయి: వాళ్ళు ఏం చేస్తామన్నారు, మనం ఏం చేస్తామన్నాం, ఎప్పటికి. అందంగా ఉండక్కర్లేదు. దిగగానే అవతలివాళ్ళకి అదే పంపించు. రెండు రోజులు ఆగితే మూడు మీటింగులూ కలిసి ఒకటైపోతాయి. ఎవరు ఏ మాటన్నారో తేలదు. ఆ మూడు వాక్యాలు పంపేదాకా ప్రయాణం పూర్తికాలేదనే అనుకో, ఇంట్లో కూర్చున్నా సరే.

ఖర్చుల రసీదులు తీసుకున్న చోటే, తీసుకున్న నిమిషానే ఫొటో తీయి. వాటిలో చాలావరకు థర్మల్ కాగితాలు, సిరా ఉండదు. వేడి తగిలితే కాగితమంతా నల్లబడుతుంది, పర్సులో నెల్లాళ్ళు ఉంటే అక్షరాలు వెలిసిపోతాయి. తెల్ల కాగితానికి అకౌంట్స్‌వాళ్ళు డబ్బివ్వరు. ఒక ప్రయాణం లెక్క తేల్చకుండా రెండో ప్రయాణానికి పెట్టె సర్దకు.

తిరిగొచ్చిన రోజు మధ్యాహ్నం దాకా క్యాలెండర్ మూసేయి, మీటింగులేవీ పెట్టనివ్వకు. లేకపోతే, నువ్వు ఊళ్ళో లేవని ఆపిన పనులన్నీ ఆ రోజే మీద పడతాయి. వెళ్ళే ముందు నీ బదులు ఎవరు జవాబివ్వాలో ఒక్క మనిషి పేరు రాసి అందరికీ పంపు. ఇద్దరి పేర్లు రాస్తే ఎవరూ చూడరు.

ఇంకొకటి, మార్చి, అక్టోబరు, నవంబరుల్లో జాగ్రత్త. అమెరికావాళ్ళు మార్చి రెండో ఆదివారం గడియారం ముందుకి జరుపుతారు, యూరప్‌వాళ్ళు చివరి ఆదివారం. వెనక్కి తిప్పడం యూరప్‌లో అక్టోబరు చివరి ఆదివారం, అమెరికాలో నవంబరు మొదటి ఆదివారం. ఆ మధ్య రోజుల్లో అలవాటైన మీటింగు గంట అటో ఇటో అవుతుంది. వేళ చెప్పేటప్పుడు ఏ ఊరి వేళో ఊరి పేరుతో రాయి.

చాలా రాశాను. ఇది చదివి "అత్త మారదు" అని మీ నాన్నతో అంటావు, తెలుసు. అను. కానీ మొదటి ప్రయాణం టికెట్ రాగానే ఒక కాపీ నాకు పంపించు. తేదీ నేనూ చూస్తాను. పెద్దదాన్నయ్యాను, ఇంకా ఇదేమిటి అని విసుక్కున్నా సరే, పంపించు.

ఆశీస్సులతో,
అత్త

తా.క. జలుబుతో ముక్కు దిబ్బడేసి ఉంటే విమానం ఎక్కకు, దిగేటప్పుడు చెవి పోటు భరించలేవు. తప్పనిసరైతే డాక్టర్ని అడిగి ఎక్కు. కిందికి దిగుతున్నప్పుడు నిద్రపోకు, గుటకలు వేస్తూ ఉండు.