నైటింగేల్ అంటే కోకిలేనా?

సందేహం: ఒక సైన్సు వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. మడగాస్కర్ అడవుల్లోని ఇంద్రి అనే లెమూర్ (కోతులకు దూరపు బంధువైన జంతువు) గొంతుకూ, థ్రష్ నైటింగేల్ పాటకూ లయలో పోలిక ఉందట. నైటింగేల్‌ను 'కోకిల' చేసి, లెమూర్ 'కూస్తుంది' అని రాశాను. సరేనా?

సమాధానం: ముందు 'కోకిల' తీసేయండి. సరోజినీ నాయుడుగారికి ఇంగ్లీషులో ఉన్న నైటింగేల్ బిరుదును మనం 'భారత కోకిల' చేసుకున్నాం. ఆ మాట చక్కగా కుదిరింది, ఎందుకంటే బిరుదులో కావలసింది గొంతులోని తీపి. సైన్సు వ్యాసంలో కావలసింది ఆ పిట్టే. మన కోకిల గూడు కట్టుకోదు, కాకి గూట్లో గుడ్లు పెడుతుంది. థ్రష్ నైటింగేల్ యూరప్ పొదల్లో తన గూడు తానే కట్టుకునే గోధుమరంగు చిన్న పిట్ట. ఇంకో సంగతి. జీవశాస్త్రంలో గానపక్షులు అనే వర్గంలోకి కోకిల రాదు, కాకి వస్తుంది! చెవికి ఇంపుగా ఉందా లేదా అని చేసిన విభజన కాదది. 'గానపక్షి' అని మొదటిసారి రాసినచోట ఈ ముక్క చెప్పకపోతే చదివేవాళ్లు పొరబడతారు.

లెమూర్‌ను లెమూర్ అనే ఉంచండి. 'దేవాంగపిల్లి' అనకండి, అది మన అడవుల్లోని లోరిస్ అనే జంతువు. దూరపు చుట్టమే గానీ అది వేరు.

ఇక క్రియ. కోడి కూస్తుంది, కోకిల కూస్తుంది, రైలూ కూస్తుంది. ఒకే పిలుపు మళ్లీ మళ్లీ వస్తే కూత. ఇంద్రి కుటుంబంలో ఆడా మగా గొంతు కలిపి స్వరాలను వరసగా అల్లుతాయి. 20 గుంపుల్లోని 39 ఇంద్రిల పాటలను కొలిచిన అధ్యయనం 2021లో వచ్చింది. బల్ల మీద తట్టి చూడండి: తక్, తక్, తక్ అని ఒకే ఎడంతో తడితే 1:1. తక్‌తక్... తక్ అని రెండో ఎడం రెట్టింపు చేస్తే 1:2. ఇంద్రి పాటలో ఈ రెండూ స్పష్టంగా దొరికాయి. ఆడదాని వేగం, మగదాని వేగం వేరైనా నిష్పత్తులు అవే. థ్రష్ నైటింగేల్ పాటలోనూ ఎడాలు ఇలా వర్గాలుగా విడివడి ఉంటాయని 2020లోనే తేల్చారు. కాబట్టి రెండింటికీ 'పాడుతుంది' అనే రాయండి, నిస్సంకోచంగా.

'తాళం' మాత్రం వద్దు. అది ఆవర్తాల లెక్క. ఇక్కడిది స్వరాల మధ్య ఎడం, అంటే లయ.

'ఇంద్రి నైటింగేల్‌లాగా పాడుతుంది' అన్నా తప్పే. ఇంద్రి గొంతు సాగదీసిన ఏడుపులా ఉంటుంది. 'ఇంద్రి పాటలోని లయకూ, థ్రష్ నైటింగేల్ పాటలోని లయకూ పోలిక ఉంది' అనండి, సరిపోతుంది.