సీఆర్పీ అంకెతో ఏం చెయ్యాలి?

చి. శ్రావణికి మామయ్య ఆశీస్సులు.

పెద్దపేగు ఆపరేషన్ అయినవాళ్లకి రోజూ సీఆర్పీ (ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే రక్తంలో పెరిగే ప్రోటీన్) పరీక్షకి పంపిస్తున్నారని, ఆ అంకె చూసి ఏం తేల్చుకోవాలో తెలియట్లేదని రాశావు.

మొదటి రెండు రోజులూ ఎంత పెరిగినా కంగారుపడకు. కోత పడగానే ఒంట్లో ఇంటర్‌ల్యూకిన్-6 అనే సంకేత ప్రోటీన్ పెరుగుతుంది, దాంతో లివర్ సీఆర్పీ తయారుచెయ్యడం మొదలుపెడుతుంది. ఎంత సాఫీగా జరిగిన ఆపరేషన్‌కైనా ఇది తప్పదు. పొట్ట తెరిచి చేస్తే ఎక్కువ, లాపరోస్కోపీ అయితే కాస్త తక్కువ.

అసలు కథ మూడో రోజు నుంచి. రక్తంలో సీఆర్పీ సుమారు 19 గంటల్లో సగమైపోతుంది. లోపల అంతా బాగుంటే అంకె రోజురోజుకీ దిగాలి. అక్కడే నిలబడినా, దిగి మళ్లీ ఎక్కినా పేగు కుట్టు లీకవుతోందేమో చూడు. 2014లో వచ్చిన ఒక మెటా ఎనాలిసిస్ మూడో రోజుకి లీటరుకి 172 మిల్లీగ్రాములు, నాలుగో రోజుకి 124, ఐదో రోజుకి 144 అని హద్దులు చెప్పింది. (నాలుగో రోజు కంటే ఐదో రోజు ఎక్కువేమిటని అడుగుతావు. రకరకాల అధ్యయనాలు కలిపితే అలాగే వస్తుంది, శిలాశాసనం అనుకోకు.) హద్దు దాటకపోతే లీకు లేదన్న మాట 97 శాతం నిజమైంది. దాటినవాళ్లలో లీకు తేలింది మాత్రం నూటికి ఇరవై పైచిలుకు మందికే. న్యుమోనియా వచ్చినా, గాయం చీము పట్టినా పెరుగుతుంది మరి. అందుకే ఇది ధైర్యంగా ఇంటికి పంపడానికి పనికొచ్చినంతగా లీకు తేల్చడానికి పనికిరాదు. పెరిగితే ముందు పేషెంటు పొట్ట మీద చెయ్యి వెయ్యి, అవసరమైతే సీటీ తీయించు.

యూనిట్లు చూసుకో. కొన్ని ల్యాబులు డెసిలీటరు లెక్కన ఇస్తాయి, అక్కడ 15 అంటే మనకి 150. సిర్రోసిస్ (లివర్ గట్టిపడే జబ్బు) ఉన్నవాళ్ల లివర్ సీఆర్పీ సరిగ్గా తయారుచెయ్యలేదు, తక్కువొచ్చిందని మురిసిపోకు. వాంతులు రాకుండా ఇచ్చే డెక్సామెథసోన్ కూడా దాన్ని అణుస్తుంది, పైగా తెల్లకణాలని పెంచుతుంది.

రక్తంలో ఉండే మరో ప్రోటీన్ ఆల్బుమిన్ సంగతి వేరు. ఆపరేషన్‌కి ముందే డెసిలీటరుకి 3.5 గ్రాముల కంటే తక్కువుంటే కోలుకోవడం కష్టమని సూచన. వాయిదా వేసే వీలుంటే తిండి మీద శ్రద్ధ పెట్టించు. ఆపరేషన్ మర్నాడు పడిపోయేది ఎక్కువగా రక్తనాళాల్లోంచి బయటికి కారిపోవడం వల్ల. ఆ అంకె ఒక్కటి చూసి ఖరీదైన ఆల్బుమిన్ సీసాలు రాసి ఆ ఇంటివాళ్లని అప్పులపాలు చెయ్యకు.

ఇంకొకటి. నాడి 120 కొడుతూ, పొట్ట ఉబ్బి, మనిషి తికమకగా మాట్లాడుతుంటే సీఆర్పీ ఎంతున్నా సరే, తెల్లారేదాకా ఆగకుండా మీ చీఫ్‌కి ఫోన్ చెయ్యి.

మామయ్య