క్లినికల్ పోస్టింగుల్లో అనాటమీ మళ్ళీ చెప్పాలా? మా వార్డు అనుభవం

ఫస్టియర్‌లో చదివిన అనాటమీ (శరీర నిర్మాణం) వార్డు పోస్టింగులకొచ్చేసరికి ఎంబీబీఎస్ పిల్లలకు గుర్తుండట్లేదు, మళ్ళీ క్లాసులు పెట్టాలా అని అడిగారు. క్లాసులు వద్దు. పేషెంట్ మంచం దగ్గరే చెప్పండి, ఆ పేషెంట్‌కి ఎంత కావాలో అంతే చెప్పండి. నేను నల్గొండ వైపు ఆర్థోపెడిక్స్ చెబుతాను. ఇది నాకు తెలిసొచ్చిన తీరు చెబుతా.

హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఒక రాత్రి క్యాజువాలిటీకి గీత కార్మికుడు ఒకాయన వచ్చాడు. తాడిచెట్టు ఎక్కినప్పుడు మోకు జారి, నిలువునా కాళ్ల మీద పడ్డాడు. "మడిమె ఒక్కటే నొస్తంది సారూ" అన్నాడు. నేను మడిమకే ఎక్స్‌రే రాశాను. కాల్కేనియం (మడిమ ఎముక) విరిగింది, కట్టు కట్టాం. తెల్లారేసరికి పొత్తికడుపు ఉబ్బింది, మూత్రం రావట్లేదు. అప్పుడు నడుము ఎక్స్‌రే తీస్తే ఎల్1 వెన్నుపూస (నడుము పూసల్లో మొదటిది) నలిగిపోయి ఉంది. రాత్రంతా ఆయన్ని అటూ ఇటూ దొర్లించింది మేమే. ఇన్నేళ్లయినా ఆయన ముఖం నా కళ్ల ముందే ఉంది.

పెద్దవాళ్లలో వెన్నుపాము ఎల్1, ఎల్2 దగ్గర ఆగిపోతుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్నే నేను. కానీ మడిమ మీద పడ్డ దెబ్బ కాళ్లలోంచి కటికి, కటి నుంచి నడుముకు ఎక్కుతుందని, పక్కటెముకలు బిగించి పట్టుకున్న పై వెన్ను, ఆ పట్టు లేని నడుము కలిసే చోటే ఎక్కువగా విరుగుతుందని ఎముకలు చేతిలో పెట్టి ఎవరూ చూపించలేదు.

ఇప్పుడు తాడిచెట్టు కేసు వస్తే (మా వైపు వస్తూనే ఉంటాయి) ముందు పేషెంట్‌ని కదపకుండా చూపిస్తా. తర్వాత పిల్లల్లో ఒకడు చొక్కా విప్పి నిలబడతాడు. రెండు తుంటి ఎముకల పై అంచులను కలుపుతూ గీత గీస్తే సుమారుగా ఎల్4. అక్కణ్నుంచి వేలితో ఒక్కో పూస ముల్లూ (వీపు మీద తగిలే మొన) తడుముతూ ఎల్1 దాకా పెన్నుతో చుక్కలు పెట్టాలి. మొదటిసారి చాలామంది ఒక పూస తప్పుతారు. తప్పనివ్వండి, మళ్ళీ లెక్కపెట్టించండి. ఆ మధ్యాహ్నమే ఒక అరగంట డిసెక్షన్ హాల్‌కి (శవాలు కోసి అనాటమీ చదివే చోటు) తీసుకెళ్లి అవే పూసలు, అదే కాల్కేనియం పట్టిస్తాం. అనాటమీ మేడమ్ కూడా మాతో ఉంటారు. 2019 నాటి ఎంబీబీఎస్ కొత్త కరికులమ్‌లో వర్టికల్ ఇంటిగ్రేషన్ (ఫస్టియర్ సబ్జెక్టుని వార్డు చదువుతో కలిపి చెప్పడం) అని రాసి ఉన్నది ఇదే. రెండు డిపార్ట్‌మెంట్లు ఫోన్‌లో మాట్లాడుకుంటే చాలు, అయిపోతుంది.

ఇంకొకటి. మర్రిగూడ వైపు నుంచి ఫ్లోరోసిస్ ముదిరిన పెద్దవాళ్లు వస్తారు. ముంజేతి ఎక్స్‌రేలో రేడియస్, అల్నా అనే రెండు ఎముకల మధ్య ఉండే ఇంటరాసియస్ మెంబ్రేన్ సున్నం పట్టి తెల్లగా కనబడుతుంది. పుస్తకంలో ఒక్క లైనుగా చదివిన పొర అది. వాళ్ల వెన్ను లిగమెంట్లూ అలాగే గట్టిపడతాయి, స్పైనల్ మత్తు సూది దిగడమే కష్టం. సూది ఏయే పొరలు దాటాలో ఆ రోజు అడిగితే పిల్లలు మర్చిపోరు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్గొండ, సూర్యాపేటల్లో 2019లో ప్రభుత్వ కాలేజీలు వచ్చాక పిల్లలు ఈ జబ్బులు పుట్టిన చోటే చదువుతున్నారు. ఆ అవకాశం వదులుకోవద్దు.

బ్రాకియల్ ప్లెక్సస్ (చేతికి వెళ్లే నరాల అల్లిక) మొత్తం బోర్డు మీద గీయించడం మానేశాను. భుజం కింద ఎముక విరిగి మణికట్టు వాలిపోయిన పేషెంట్ వచ్చిన రోజు రేడియల్ నర్వ్ (మణికట్టును పైకెత్తించే నరం) ఒక్కటే చెబుతా. ఆ ఎముక, అంటే హ్యూమరస్, చేతికిచ్చి, వెనక ఆ నరం వెళ్లే గాడి వెంట వేలు నడిపిస్తా.