టేకు బల్లకు నాలుగు కోట్లు మెలమైన్ (చెక్కకు మెరుపు పొర వేసే పాలిష్) కొట్టినా చెక్క నారలోని సన్న గుంటలు పోలేదు, ఇంకో రెండు కొడితే అద్దంలా వస్తుందా?

రాదండీ. మెలమైన్‌లో చాలా భాగం ఆరేటప్పుడు ఎగిరిపోయే తిన్నరే. ఈరోజు గుంట నిండినట్టే ఉంటుంది, కొన్ని వారాలకు పొర కుంగి గీత మళ్లీ తేలుతుంది. మందం పెంచుకుంటూ పోతే పొర పగిలే ప్రమాదం వేరే ఉంది. ఆ గుంటలో ఉండాల్సింది కుంగిపోని పొడి, అంటే గ్రెయిన్ ఫిల్లర్. టేకు, ఇరుగుడు లాంటి చేవ కర్రలకు ఇది తప్పదు. ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్రకైతే దీని అవసరమే రాదు, దాని నార అంత సన్నం.

మీ బల్ల మీద పాత పొర తీసేయాల్సిందే. గట్టిపడిన మెలమైన్ తిన్నర్‌కు కరగదు. పాత పాలిష్‌ను మెత్తబరిచే రిమూవర్ రాసి గీకండి. తర్వాత 120, 150, 180 నంబరు ఎమరీలతో నార వెంట రుద్ది, అక్కడితో ఆపండి. గుంటల్లో ఇరుక్కున్న పొట్టును గట్టి బ్రష్షుతో నార వెంట ఊడ్చేయాలి. చాలామంది వదిలేసేది ఇదే. పొట్టు మీద కూర్చున్న ఫిల్లర్ తర్వాత రాలిపోతుంది. టేకులో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి తిన్నర్ గుడ్డతో ఒకసారి తుడిచి, అది ఆరగానే పని మొదలుపెట్టండి.

ముందు పలచని కోటు ఒకటి: సాండింగ్ సీలర్ (పాలిష్ కింద వేసే అడుగు పూత) ఒక వంతుకు దాని తిన్నర్ నాలుగు వంతులు. ఇది గుంటల్ని పూడ్చదు. ఫిల్లర్ రంగు చెక్కకంతా పట్టి మచ్చలు పడకుండా కాపాడుతుంది, అంతే. చెక్క రంగు మార్చే స్టెయిన్ వేసే ఉద్దేశం ఉంటే దీనికంటే ముందే వేయాలి. కోటు ఆరాక 320తో పైపైన తడమండి.

రంగు విషయంలో రాజీ పడకండి. గోడలకు వాడే తెల్ల లప్పం పూస్తే బల్లంతా పిండి చల్లినట్టు తెల్ల గీతలు తేలతాయి, వాటిని తీయడం నరకం. ఫిల్లర్ చెక్క కంటే ఒక పిసరు ముదురుగా ఉండాలి. అదే టేకు ముక్క మీద, పైన మెలమైన్ కూడా వేసి చూసుకున్నాకే బల్ల ముట్టుకోండి.

మొదటిసారి చేసేవాళ్లకు నీళ్లతో కలిసే ఫిల్లరే మేలు. ఒక్కో విడతకు రెండడుగుల మేర మాత్రమే పూయండి, నిమిషాల్లో బిగుసుకుంటుంది. నారకు అడ్డంగా అదిమి, పాత ఏటీఎం కార్డు లాంటిదాన్ని ఏటవాలుగా పట్టి మిగిలింది లాగేయండి. నార వెంట లాగితే గుంటలో ఉన్నది కూడా ఊడొస్తుంది. రెండు గంటలు ఆరాక 220తో రుద్దండి. కింది కోటు తెగి చెక్క బయటపడితే ఆ చోట రంగు మారుతుంది, జాగ్రత్త.

నూనె ఫిల్లర్‌తో నార ఇంకా అందంగా తేలుతుంది, కానీ ఓపిక కావాలి. మినరల్ టర్పెంటైన్‌తో మీగడలా పలచన చేసి రాయాలి. పది పదిహేను నిమిషాలకు మెరుపు పోయి మసకబారుతుంది, అప్పుడు గోనెపట్టాతో అడ్డంగా తుడవాలి. ఆలస్యమైతే రాయిలా పట్టుకుంటుంది, తొందరపడితే గుంట ఖాళీ అవుతుంది. ఆరడానికి కనీసం ఒక రోజు, వానాకాలంలో మూడు రోజులు. పచ్చిగా ఉండగానే పైన మెలమైన్ కొడితే తిన్నర్ ఫిల్లర్‌ను పైకి లేపుతుంది, లేదా గుంటల్లో బూడిదరంగు మిగిలిపోతుంది. అందుకే ఫిల్లర్ ఆరాక దాని పైన వేసే మొదటి సీలర్ కోటు ముద్దగా కాకుండా, దుమ్ములా పలచగా కొట్టండి. ఈ ఫిల్లర్ తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయొద్దు. అందులోని అవిసె నూనె వేడెక్కి వాటంతటవే అంటుకోగలవు. ఆరుబయట విడివిడిగా పరిచి ఆరనివ్వండి.

ఏది వాడినా, లైటును బల్ల అంచున పక్కవాటుగా పట్టి చూడండి. టేకుకు ఒక్కసారితో నిండడం అరుదు, రెండోసారి మామూలే. నిండాక సీలర్ రెండు కోట్లు, మధ్యలో 320, ఆపైన మెలమైన్ రెండు కోట్లు చాలు.

ఇదంతా ఇంట్లో ఉండే బల్లకు. ఎండా వానా పడే వీధి తలుపు బయటివైపుకు మాత్రం ఈ పని పెట్టుకోకండి. అక్కడ చెక్క ఉబ్బుతూ కుంగుతూ ఉంటుంది కాబట్టి అద్దంలాంటి పొర నిలవదు, నూనె పట్టించి గుంటల్ని అలాగే వదిలేయడం నయం.