కంటికి మసక వస్తే మెదడుకు ఎంఆర్ఐ ఎందుకు?

మీ చెల్లికి నాలుగు రోజులుగా ఎడమ కన్ను మసక, కన్ను తిప్పితే నొప్పి అన్నారు. డాక్టర్ ఆప్టిక్ న్యూరైటిస్ (కంటి నరం వాపు) అని చెప్పి మెదడుకు ఎంఆర్ఐ రాశారట. కంటి జబ్బుకి అదెందుకు, డబ్బు గుంజడానికా అని అడిగారు. కాదండి. నాకు ఆరేళ్ల క్రితం ఇదే వచ్చింది.

నన్ను చూసిన డాక్టర్ చుక్కల మందు సీసా ఎర్ర మూత నా కళ్లముందు పెట్టారు. ఎడమ కంటికి ఎర్రగానే ఉంది. కుడి కంటికి మాత్రం ఎండకి వెలిసిన పాత ఇటుకలా కనిపించింది. కంటి నరం వాచిందని ఆయనకి అక్కడే అర్థమైంది. ఎందుకు వాచిందో తేల్చడానికే స్కాన్.

నా చిట్టీలో ఉత్త 'ఎంఆర్ఐ బ్రెయిన్' అనే ఉంది, స్కానింగ్ సెంటర్‌లో అదే తీశారు. రిపోర్టులో కంటి నరం గురించి ఒక్క ముక్క లేదు. మళ్లీ తీయించాల్సొచ్చింది, రెండోసారి డబ్బులు దండగ. కనుగుడ్డు వెనక నరం చుట్టూ కొవ్వు ఉంటుంది. అది స్కాన్‌లో తెల్లగా మెరుస్తుంది. కాంట్రాస్ట్ మందు ఎక్కిస్తే వాచిన నరమూ తెల్లగానే మెరుస్తుంది. వెన్నలో పడ్డ తెల్ల దారాన్ని వెతకడమే ఇక. ఫ్యాట్ సప్రెషన్, అంటే కొవ్వు మెరుపుని అణిచే పద్ధతి, పెడితే కొవ్వు నల్లబడి నరం బయటపడుతుంది. నాకు కుడి నరం మధ్యలో కొంచెం మేర వెలుగుతూ కనిపించింది.

ఎంత మేర వాచింది, ఎక్కడ వాచింది అన్నది చాలా ముఖ్యం. ఒక పక్కే, కొద్ది మేరే అయితే ఎంఎస్ (మల్టిపుల్ స్క్లెరోసిస్, మెదడు, వెన్నుపాములోని నరాల పైపొర దెబ్బతినే జబ్బు) వైపు అనుమానిస్తారు. సగానికి మించి పొడుగ్గా వాచి, రెండు నరాలు కలిసే చోటుదాకా పోతే ఎన్ఎంఓ (న్యూరోమైలైటిస్ ఆప్టికా, కంటి నరాన్నీ వెన్నుపామునీ దెబ్బతీసే ఇంకో జబ్బు) కావచ్చు. నరం పైపొర చుట్టూ మెరిస్తే, రెండు కళ్లకీ వస్తే మాగ్ (ఎంఓజీ) యాంటీబాడీ వల్ల వచ్చే జబ్బు కావచ్చు. ఎన్ఎంఓకీ, మాగ్‌కీ రక్తంలో యాంటీబాడీ పరీక్షలున్నాయి. ఒకదాన్ని ఇంకొకటి అనుకుంటే ప్రమాదం, ఎంఎస్‌కి వాడే కొన్ని మందులు ఎన్ఎంఓని ఇంకా ముదరబెడతాయి.

ఇక మెదడు. అమెరికాలో 1988లో మొదలైన ఆప్టిక్ న్యూరైటిస్ ట్రీట్‌మెంట్ ట్రయల్‌లో, మెదడులో మచ్చలు లేనివాళ్లలో 15 ఏళ్లలో 25 శాతం మందికి ఎంఎస్ వచ్చింది. ఒక్క మచ్చయినా ఉన్నవాళ్లలో 72 శాతం. అవి అక్కడి లెక్కలు, మనకి అచ్చంగా సరిపోవాలని లేదు. నాకు ఒక మచ్చ ఉంది. ఆర్నెల్ల తర్వాత వేరేచోట ఇంకొకటి తేలింది, ఎంఎస్ అని మందు మొదలుపెట్టారు. ముందే తెలిసినందుకు ఇప్పుడు మంచిదే అనిపిస్తోంది, ఆ రోజు మాత్రం ఇంట్లో ఎవరం అన్నం తినలేదు.

ఒక హెచ్చరిక: మెడికల్ షాపులో స్టెరాయిడ్ మాత్రలు కొని మింగించకండి. అదే ట్రయల్‌లో మామూలు డోసు మాత్రలే వాడినవాళ్లకి జబ్బు ఎక్కువసార్లు తిరగబెట్టింది. సెలైన్‌లో ఎక్కించే స్టెరాయిడ్‌ని డాక్టర్ వెంటనే మొదలుపెడదామంటే, స్కాన్ కోసం ఆపకండి.

కాంట్రాస్ట్‌కి ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసే రక్త పరీక్ష) అడుగుతారు. గర్భం అనుమానముంటే ముందే చెప్పాలి. మెట్టెలుంటే ఇంట్లోనే తీసి పెట్టండి. రిపోర్టుతోపాటు సీడీ కూడా అడిగి తీసుకోండి, న్యూరాలజిస్టు చూసేది అదే.

రేపు స్కాన్‌కి బయల్దేరేముందు చిట్టీ మీద 'ఆర్బిట్స్' (కనుగుడ్లుండే గుంతలు), 'కాంట్రాస్ట్', 'ఫ్యాట్ సప్రెషన్' అన్న మూడు మాటలున్నాయో లేదో చూడండి. లేకపోతే డాక్టర్‌కి ఫోన్ చేసి అడగండి, స్కాన్ మెషిన్‌లోకి వెళ్లాక అడిగితే కుదరదు.