బెంగళూరులో గన్నేరు చిమ్మట ఏ నెలల్లో ఎగురుతుంది? మన ఊళ్లలోనూ ఉంటుందా?

మీరు రెండు విషయాలు అడిగారు. సెప్టెంబరులో మీ బాల్కనీ గోడ మీద వాలిన పెద్ద ఆకుపచ్చ చిమ్మట బెంగళూరులో ఏయే నెలల్లో తిరుగుతుందన్నది ఒకటి, మీ సొంతూరు కడపలో కూడా ఉంటుందా అన్నది రెండోది. మీరు పంపిన ఫోటోలో పాచి రంగు రెక్కలు, వాటి మీద లేత గులాబీ పట్టీలు బాగా కనిపిస్తున్నాయి. అది గన్నేరు చిమ్మట, హాక్ మాత్‌లు అనే పెద్ద చిమ్మటల కుటుంబంలోది, శాస్త్రీయ నామం డాఫ్నిస్ నీరియై. ఇదే పోలికలో డాఫ్నిస్ హైపోథస్ అని మరొకటి ఉంది. దాని ముందు రెక్క కొసన చిన్న తెల్లచుక్క ఉంటుంది. మీ ఫోటోలో ఆ చుక్క లేదు.

బెంగళూరులో ఇది ఏడాది పొడవునా ఉంటుంది. వానలు పట్టిన జూన్ నుంచి నవంబరు దాకా ఎక్కువగా కనిపిస్తుంది. నందివర్ధనమో గన్నేరో ఉన్న చోటల్లా ఇది బతకగలదు కాబట్టి కడపలోనూ ఉంటుందనే చెబుతాను. అయితే ఈ మాట ఎంతవరకు నమ్మాలో తెలియాలంటే, అసలు ఈ లెక్కలు ఎలా పుడుతున్నాయో చూడాలి.

నేను బెంగళూరులోనే యలహంక వైపు ఉంటాను. మా ఇళ్ల వరుసలో ప్రహరీ పొడవునా నందివర్ధనం చెట్లు ఉన్నాయి. మొదట్లో అందరిలాగే తెల్ల దుప్పటి కట్టి, దీపం వెలిగించి చిమ్మటల కోసం చూసేవాడిని. హాక్ మాత్‌లు దీపానికి వస్తాయి, కానీ ఆ రాకపోకలను బట్టి కాలాన్ని నిర్ణయించడం కష్టం. పౌర్ణమి దగ్గర పడినకొద్దీ దీపం దగ్గరకు వచ్చేవి తగ్గిపోతాయి. అమావాస్య రోజుల్లో, గాలి లేకుండా ముసురు పట్టిన రాత్రుల్లో విరివిగా వస్తాయి. దీపం రకాన్ని బట్టి కూడా మారుతుంది. పాత మెర్క్యురీ దీపాలు అతినీలలోహిత కాంతిని వెదజల్లుతాయి, చిమ్మటలను బాగా లాగేది అదే. తెల్లని ఎల్ఈడీ వీధి దీపాల్లో అది దాదాపు ఉండదు. కాబట్టి వీధి దీపం మారాక మీకు చిమ్మటలు కనబడడం తగ్గితే, అవి నిజంగా తగ్గిపోయాయని వెంటనే అనుకోనక్కర్లేదు.

అందుకే నేను దీపాన్ని కాక పురుగును, అంటే చిమ్మట కాకముందు ఉండే గొంగళి పురుగును నమ్ముతాను. తల్లి చిమ్మట ఎప్పుడు వచ్చి గుడ్లు పెట్టి వెళ్లిందో పురుగు చెబుతుంది. దాన్ని వెతకడానికి దీపం అక్కర్లేదు, చెట్టు కింద నేల చూస్తే చాలు. ధనియపు గింజంత లావున, పొడవునా గాళ్లు పడి, ముదురాకుపచ్చగా రెట్టలు రాలి ఉంటే సరిగ్గా వాటి పైన తలెత్తి చూడండి. లేత కొమ్మకు అడుగువైపు తలకిందులుగా పట్టుకుని ఉంటుంది. గుడ్డులోంచి వచ్చినప్పుడు పసుపుపచ్చగా ఉంటుంది, వెనకవైపు సన్నని నల్లటి పొడవాటి కొమ్ము. ఎదిగాక ఆకుపచ్చగా మారుతుంది, ప్రక్కల వెంట తెల్ల చుక్కలు వస్తాయి, కొమ్ము పొట్టిదై పసుపు తిరుగుతుంది. కొమ్మను కాస్త కదిలిస్తే తల లోపలికి ముడుచుకుంటుంది. అప్పుడు తల వెనక నీలి, తెలుపు రంగుల్లో రెండు కళ్లవంటి మచ్చలు విచ్చుకుంటాయి. మా వీధి పిల్లలు మొదటిసారి చూసి పాము పిల్ల అనుకుని ఒక్క గెంతు గెంతారు. ఇప్పుడు వాళ్లే నన్ను పిలిచి చూపిస్తున్నారు.

బాగా ఎదిగిన పురుగు ఒక రోజు హఠాత్తుగా గోధుమ రంగుకు మారి చెట్టు దిగుతుంది. ఎండుటాకుల కిందకో వదులు మట్టిలోకో చేరి ప్యూపా (చిమ్మటగా మారే ముందు కదలకుండా ఉండే దశ) అవుతుంది. మన వేడికి రెండు మూడు వారాల్లో చిమ్మట బయటికి వస్తుంది. గుడ్డు నుంచి చిమ్మట దాకా సుమారు ఐదారు వారాలు అనుకోవచ్చు. అంటే ఏడాదిలో ఎన్నో తరాలు నడుస్తాయి, ఒక తరం ముగిసేలోగా ఇంకొకటి మొదలవుతుంది. ఇలాంటి పురుగుకు ఒకే ఒక్క ఎగిరే కాలం ఉండదు. లేత చిగురు ఎప్పుడు వస్తే అప్పుడు దాని సంఖ్య పెరుగుతుంది. మా చెట్లు ఏప్రిల్, మే మామిడి జల్లులకు ఒకసారి చిగురుస్తాయి, ఆ వెనకే కొన్ని పురుగులు కనిపిస్తాయి. అసలు జోరు ఆగస్టు నుంచి అక్టోబరు వరకు. జనవరి, ఫిబ్రవరిలో వెతికి వెతికి ఒకటీ అరా చూస్తాను. చెన్నైలో ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి కాబట్టి అక్కడ జోరు ఆలస్యంగా వస్తుంది. అక్కడున్న మా అక్క వాళ్ల పెరట్లో దీపావళి దాటాకే పురుగులు ఎక్కువ.

ఇక ఎక్కడెక్కడ ఉంటుందన్న సంగతి. ఆఫ్రికా నుంచి దక్షిణాసియా మీదుగా ఆగ్నేయాసియా దాకా ఇది స్థిరంగా ఉండే చిమ్మట. బాగా దూరం ఎగరగలదు. ఎండాకాలంలో మధ్యధరా తీరం దాటి ఐరోపా లోపలికి వెళుతుంది, అరుదుగా బ్రిటన్‌కూ చేరుతుంది. కానీ అక్కడి మంచుకు ప్యూపా నిలవదు, అందుకే అక్కడ అతిథి మాత్రమే. మన దక్షిణాదిలో దాన్ని ఆపే చలి లేదు. ఆహారానికీ కొదవ లేదు. నందివర్ధనం, గన్నేరు, బిళ్లగన్నేరు, కుండీల్లో పెంచే అడీనియం కూడా తింటుంది. గన్నేరు పాలు పశువులకూ మనుషులకూ విషం. ఈ పురుగు మాత్రం ఆ ఆకులే తిని హాయిగా పెరుగుతుంది.

జనం తాము చూసిన జీవుల ఫోటోలు నమోదు చేసే ఐనేచురలిస్ట్ వంటి సైట్లలో మ్యాపు తెరిస్తే బెంగళూరు మీద చుక్కలు కుప్పగా ఉంటాయి, రాయలసీమ వైపు పలచగా. దాన్ని చూసి ఇది బెంగళూరు చిమ్మట అనుకుంటే పొరపాటు. ఆ చుక్కలు చిమ్మటలతో పాటు చూసేవాళ్లు ఎక్కడ ఉన్నారో కూడా చెబుతాయి. ఇక్కడ ఎన్‌సీబీఎస్ (జీవశాస్త్రాల జాతీయ కేంద్రం) వంటి పరిశోధనా సంస్థలు ఉన్నాయి, కెమెరా పట్టుకుని తిరిగేవాళ్లు వేలల్లో ఉన్నారు. నెలల లెక్కలోనూ ఇదే చిక్కు. 2012 నుంచి జూలై చివర్లో ‘నేషనల్ మాత్ వీక్’ అనే చిమ్మటలను గమనించే వారోత్సవం జరుగుతోంది. ఆ వారం ఎక్కువమంది దీపాలు పెట్టి కూర్చుంటారు కాబట్టి నమోదులూ పెరుగుతాయి. జూలైలో గ్రాఫు లేచిందంటే అందులో చిమ్మటల వంతెంతో మనుషుల వంతెంతో విడదీయాలి. హిందూపురం, అనంతపురం, కడపల నుంచి నెలనెలా నమోదులు వస్తే తప్ప ఆ లోటు తీరదు. తెలుగు నేల మ్యాపులో ఖాళీగా ఉండిపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

మీకు నా కోరిక ఒక్కటే. ఈసారి కడప వెళ్లినప్పుడు ఎవరింటి నందివర్ధనం కిందైనా నేల చూడండి. పురుగు దొరికితే పురుగుతో పాటు ఆకు కూడా పడేలా ఫోటో తీసి, తేదీ, ఊరు, మొక్క పేరు రాసి పెట్టండి. వెతికినా దొరకకపోతే ఆ తేదీ కూడా మీ డైరీలో రాసుకోండి, కాలం లెక్క కట్టేటప్పుడు అదీ అంతే పనికొస్తుంది. గోధుమ రంగు తిరిగిన పురుగు మీ బాల్కనీ గచ్చు మీద పాకుతూ కనిపిస్తే మందు కొట్టకుండా ఎండుటాకులు వేసిన కుండీలో వదిలేయండి. ఆకులు కాస్త తగ్గినా నందివర్ధనం మళ్లీ చిగురిస్తుంది.